కొలిమి ముందు న్యూటన్

నీచలోహమును బంగారముగా మార్చవలెనను ఆశ అతి ప్రాచీనమైనది. మన దేశమున ఆ విద్యకు రసవాదమని పేరు. తాకినంతమాత్రమున ఇనుమును పసిడి చేయు పరుసవేది మన కథలలోను, గురుకృపను వర్ణించు ఉపమానములలోను తరచుగా కానవచ్చును. వేమన యోగి తొలినాళ్ళలో రసవాదమునకై తిరిగెనని తెలుగునాట జనశ్రుతి కలదు. ఐరోపా ఖండమునను ఇట్టి అన్వేషణ శతాబ్దములపాటు సాగినది. అచ్చట కొలిమి ముందు కూర్చుండి పాతికేండ్లకు పైగా శ్రమించినవారిలో ఒకరి పేరు వినినచో పలువురకు ఆశ్చర్యము కలుగును. ఆయనయే సర్ ఐజాక్ న్యూటన్.

గ్రహములు సూర్యుని చుట్టును తిరుగుటకు, చెట్టునుండి పండు నేల రాలుటకు కారణము ఒక్కటేయని గణితముతో నిరూపించిన మహనీయుడాయన. పాఠశాలలలో బాలబాలికలు చదువుకొను న్యూటన్ అతడు. కాని ఆ న్యూటన్ గదికి ప్రక్కనే, తోటలో, ఇటుకల కొలిమి యొకటి మండుచుండెడిది. ఆ కొలిమి కథ ఆయన మరణానంతరము రెండు శతాబ్దముల వరకును లోకమునకు సరిగా తెలియలేదు.

ఏకాకి బాల్యము

ఇంగ్లండు దేశమున లింకన్‌షైరు ప్రాంతమందలి ఊల్స్‌థార్ప్ అను చిన్న పల్లెలో, నాటి ఇంగ్లీషువారి పంచాంగము ప్రకారము 1642 డిసెంబరు 25వ తేదీన న్యూటన్ జన్మించెను. నేటి లెక్కకు అది 1643 జనవరి 4వ తేదీ యగును. తండ్రి సేద్యము చేసికొను గృహస్థుడు. కుమారుడు పుట్టుటకు మూడు మాసములు ముందే ఆయన కన్నుమూసెను. బిడ్డకు మూడేండ్లు నిండునప్పటికి తల్లి హన్నా, బార్నబాస్ స్మిత్ అను మతాచార్యుని పునర్వివాహమాడి వేరొక గ్రామమునకు తరలిపోయెను. బాలుడు అమ్మమ్మ చెంత మిగిలిపోయెను. 1653లో స్మిత్ మరణించిన పిమ్మటనే తల్లి ముగ్గురు పిల్లలతో తిరిగి ఊల్స్‌థార్ప్ చేరెను.

ఆ ఏండ్ల యెడబాటు బాలుని మనసున చెరగని గాయమైనది. 1662లో, పందొమ్మిదేండ్ల వయసున, తాను చేసిన పాపములన్నింటిని ఆయన సంకేతలిపిలో వ్రాసికొనెను. తల్లిని, సవతి తండ్రిని ఇంటితోసహా కాల్చివేయుదునని బెదిరించుటయు ఆ చిట్టాలో కలదు. మనసులోని మాటను పైకి చెప్పక దాచికొనుట ఆయనకు బాల్యముననే అలవడిన స్వభావము. ఈ స్వభావమే తరువాతి జీవితమున ఆయనకు కవచమును, సంకెలయు కూడ అయినది.

పండ్రెండవ యేట న్యూటన్ గ్రాంథమ్ పట్టణమందలి పాఠశాలలో చేరెను. వసతి యొక ఔషధ విక్రేత యింట. కల్వములలో మూలికలు నూరుట, భస్మములు కలుపుట, ద్రవములు కాచి వడకట్టుట ఆ యింట నిత్యకృత్యములు. చదువుకంటె బాలుని దృష్టి వీటిపైననే నిలిచెను. రంగులు కలుపు పద్ధతులను, మందుల యోగములను ఆయన తన పుస్తకములో ఎక్కించుకొనెను. చిన్న గాలిమరను చేసి అందు ఎలుకను ఉంచి త్రిప్పించెను. నీటి గడియారము కట్టెను. ఎండ నీడలను గుర్తించుచు గోడలపై కాలమును కొలిచెను. చేతితో చేసి చూచుట యను గుణము ఆయనకు ఆ యింటనే పట్టువడినది.

తల్లి ఆయనను వ్యవసాయమునకు పెట్టదలచి బడి మాన్పించెను. గొఱ్ఱెలు పొరుగు చేలలో పడుచుండగా కుమారుడు చెట్టు క్రింద పుస్తకము చదువుకొనుచుండుటను చూచి, ఇతడు సేద్యమునకు పనికిరాడని అందరును గ్రహించిరి. మేనమామయు, పాఠశాలాధ్యాపకుడును పట్టుబట్టిన మీదట తల్లి సమ్మతించెను. 1661లో ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమందలి ట్రినిటీ కళాశాలలో ప్రవేశించెను. చేరినది ఇతరులకు పరిచర్య చేయుచు చదువుకొను పేద విద్యార్థిగా. తల్లి కలిమి గలదే, ఇచ్చినది స్వల్పము.

ప్రశ్నల పుస్తకము

సుమారు 1664 నుండి న్యూటన్ ఒక పుస్తకములో తనకు తోచిన ప్రశ్నలను శీర్షికలుగా వ్రాసికొనుచు వచ్చెను. కాంతి యనగా నేమి? రంగులు ఎట్లు కలుగును? బరువునకు కారణమేమి? ఈ ప్రశ్నలలో నేటి శాస్త్రజ్ఞులు నవ్వుదురేమో యనిపించునవియు కలవు. గురుత్వము పైనుండి ప్రవాహమువలె దిగివచ్చుచున్నదని అప్పట్లో ఆయన ఊహ. ఆ ప్రవాహమును అద్దమువలె మరలించు పదార్థము దొరికినచో, ఒక చక్రమును సగము కప్పి సగము విడిచిపెట్టినచో, అది ఎన్నటికిని ఆగక తిరుగునని తలచి బొమ్మలు గీసెను. ఇది నిత్యచలన యంత్రమునకై కన్న కల. అట్టి యంత్రము అసాధ్యమని నేడు స్థిరపడినది. గురుత్వమును అడ్డగించు తెర ఏదియు నేటి వరకు లభింపలేదు. శక్తిని వెచ్చింపక పనిని పొందుట ప్రకృతిలో లేదు.

ప్రశ్న కలిగినంతనే ఆయన ఊరకుండెడివాడు కాడు. కంటిగ్రుడ్డునకును ఎముకకును నడుమ దబ్బనము దూర్చి, వెనుకనుండి నొక్కి, ఎట్టి రంగుల వలయములు కనబడునో గుర్తించుకొనెను. అద్దమున సూర్యబింబమును ఎడతెగక చూచి, చూపు చెదరి, కొన్ని దినములు చీకటిగదిలో తలుపులు బిగించుకొని గడపవలసివచ్చెను. ఇది బుద్ధిమంతులు చేయదగిన పని కాదు. అయినను ఆ తరుణవయస్కుని కుతూహలమునకు ఎల్ల లేదనుటకు ఇది సాక్ష్యము.

1665లో మహమ్మారి వ్యాపించి విశ్వవిద్యాలయము మూతపడినది. న్యూటన్ ఊల్స్‌థార్ప్ చేరి సుమారు రెండేండ్లు ఎక్కువ భాగము అచ్చటనే గడపెను. కలన గణితమునకు పునాదులు పడినదియు, పట్టకముతో తెల్లని కాంతి సప్తవర్ణముల మిశ్రమమని తెలిసికొన్నదియు, చంద్రుని కక్ష్యకును భూమి ఆకర్షణకును గల సంబంధమును తొలిసారి లెక్కించి చూచినదియు ఆ కాలముననే. 1667లో ట్రినిటీ కళాశాలలో ఫెలోగా ఎన్నికయ్యెను. 1669లో, ఇరువదియారేండ్ల వయసున, గణితశాస్త్రాచార్య పీఠమును అధిష్ఠించెను.

కొలిమి వెలిగినది

ఆచార్యపీఠము లభించిన ఆ 1669లోనే న్యూటన్ లండను నగరమున రెండు కొలుములను, కొన్ని రసాయన ద్రవ్యములను, ఆరు సంపుటముల లాటిన్ రసవాద గ్రంథసంకలనమును కొనెను. నాటినుండి 1696 వరకును ఆయన జీవితమున ఈ వ్యాసంగము ఎడతెగలేదు.

రసవాదమనినంతనే మోసగాండ్ర విద్యయని నేటివారు తలంతురు. నాడు అట్లు కాదు. లోహములు భూగర్భమున వృక్షములవలె పెరుగునని, సీసము మొదలగునవి పక్వము కాని స్థితియని, బంగారము పరిపక్వమైన స్థితియని పండితులు సైతము నమ్మిరి. ప్రకృతి వేలయేండ్లు పట్టి చేయు పాకమును కొలిమిలో త్వరపరచుటయే రసవాది యత్నము. రసాయనశాస్త్ర పితామహులలో ఒకడైన రాబర్ట్ బాయిల్ సైతము ఈ మార్గమున నడచినవాడే. జార్జ్ స్టార్కీ యను వైద్యుడు మారుపేరుతో వ్రాసిన రసవాద గ్రంథములను న్యూటన్ మరల మరల చదివి వ్యాఖ్యలు వ్రాసెను.

ఆ గ్రంథముల భాష అంతయు మరుగు భాష. పచ్చని సింహము, గ్రద్ద, వల, డయానా దేవత పావురములు - ఇట్టి పేర్లతో లోహములను, భస్మములను సూచింతురు. అర్థము తెలిసినవానికే తెలియవలెనను నియమము వారిది. న్యూటన్ ఈ ముడులను ఒక్కొక్కటిగా విప్పజూచెను. ఏ గ్రంథకర్త ఏ పదమును ఎచ్చట ఏ అర్థమున వాడెనో గుర్తించుచు సుమారు 900 శీర్షికలతో ఒక సూచికను కూర్చెను. రసవాదముపై ఆయన చేతివ్రాత మొత్తము దాదాపు పది లక్షల పదములుండునని పరిశోధకుల అంచనా. అందు అధికభాగము ఇతరుల గ్రంథములనుండి ఎత్తి వ్రాసికొన్నదే. మిగిలినది స్వయముగా చేసిన ప్రయోగముల వివరము. ఆ వివరములలో తూకములు కలవు, తేదీలు కలవు. మరుగు భాషలో చెప్పబడిన దానిని త్రాసులో పెట్టి చూచుటయే న్యూటన్ ప్రత్యేకత.

ఆయన తరచుగా చేసిన పని యొకటి కలదు. సుర్మా రాతిని, అనగా గంధకముతో కూడిన ఆంటిమొని ఖనిజమును, ఇనుముతో కలిపి మూసలో కరిగించును. ఇనుము గంధకమును తనవైపు లాగికొనగా ఆంటిమొని లోహము విడివడి అడుగున చేరును. పైన కిట్టము కప్పియుండగా అది మెల్లగా చల్లారినచో, ఉపరితలమున కేంద్రమునుండి నలుదెసలకు కిరణములు వ్యాపించిన నక్షత్రాకారము ఏర్పడును. ఇందు మాయ లేదు. లోహము స్ఫటికములుగా పేరుకొను తీరు అట్టిది. నాటి రసవాదులకు మాత్రము అది ఆకాశము నేలకు పంపిన గుర్తువలె తోచెను. ఆంటిమొనిని రాగితో కలిపినప్పుడు చిన్న గదులతో ఊదారంగు మిశ్రమము ఏర్పడును. రసవాదులు వల యనునది ఇదియే. ఈ పాకములను ఇటీవల అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున విలియమ్ న్యూమన్ బృందము తిరిగి చేసి చూచి, అవి వట్టి కల్పనలు కావని, న్యూటన్ వ్రాసికొన్నది నిజముగా మూసలో జరుగుననియు రుజువు చేసినది.

నిత్యజీవితము

కళాశాలలో న్యూటనుతో ఒకే వసతిలో జాన్ వికిన్స్ అను మిత్రుడు ఇరువదేండ్లపాటు నివసించి, ప్రయోగములలో సాయపడెను. ముప్పదేండ్లు నిండునప్పటికే న్యూటన్ తల నెరసినది. అతిగా చదువుటచేత నెరసెనని వికిన్స్ అనగా, పాదరసముతో అన్నిమారులు పనిచేసినందున దాని రంగు తలకెక్కినదని న్యూటన్ హాస్యమాడెనట. ఆయన హాస్యమాడిన సందర్భములు మిక్కిలి అరుదు.

1685 ప్రాంతమునుండి అయిదేండ్లపాటు హంఫ్రీ న్యూటన్ అను యువకుడు ఆయనకు లేఖకుడుగా ఉండెను. ఇంటిపేరు ఒకటే కాని బంధువు కాడు. ఆ దినముల జీవితమును అతడు పిదప వివరముగా వ్రాసెను. భోజనము పళ్ళెమున చల్లారిపోవుచుండెను; గుర్తుచేసినచో న్యూటన్ నిలుచుండియే రెండు మెతుకులు తిని తిరిగి పనిలో మునుగుచుండెను. రాత్రి రెండు మూడు గంటలకు గాని నిద్రించువాడు కాడు. ఒక్కొక్కసారి అయిదారు గంటలగుచుండెను. మడమలు అణగిన చెప్పులతో, ముడివీడిన మేజోళ్ళతో, దువ్వని జుట్టుతో భోజనశాలకు వచ్చుచుండెను. పాఠము చెప్పుటకు వెళ్ళినచో వినువారు లేక గోడలకే చెప్పి మరలిన దినములు కలవు. తోటలో నడచుచు ఏదో తోచి గులకరాళ్ళ బాటపై కఱ్ఱతో బొమ్మలు గీసినచో, తోటి పండితులు వాటిని త్రొక్కక ప్రక్కగా నడిచెడివారు.

వసంతమునను, ఆకురాలు కాలమునను దాదాపు ఆరేసి వారములు కొలిమి పగలు రాత్రి ఆరెడిది కాదు. ఒకరాత్రి న్యూటన్, ఒకరాత్రి హంఫ్రీ మేలుకొని కనిపెట్టుచుండిరి. కొలుములను ఇటుకలతో న్యూటన్ స్వహస్తములతో కట్టెడివాడు, మార్చెడివాడు. తాపీపనివానిని పిలిచెడివాడు కాడు. ఇంత శ్రమయు దేనికొరకో హంఫ్రీకి తెలియలేదు. అయిదేండ్లు ప్రక్కననే మేలుకొన్న సహాయకునికి సైతము న్యూటన్ తన లక్ష్యమును విప్పి చెప్పలేదు.

ఈ రహస్యమునకు కారణములు లేకపోలేదు. బంగారు వెండులను కృత్రిమముగా వృద్ధిచేయుట నేరమను 1404 నాటి చట్టము ఇంగ్లండున 1689 వరకును అమలులో నుండెను. అంతకంటె ముఖ్యమైనది, ఈ విద్య అనర్హుల చేతబడినచో లోకమునకు కీడు కలుగునను రసవాదుల నమ్మకము. బంగారముతో కలిసినప్పుడు వేడెక్కు పాదరసమును గూర్చి బాయిల్ 1676లో ప్రకటింపగా, ఆతడు ఇకమీదట మౌనము వహించుట మేలని న్యూటన్ రాయల్ సొసైటీ కార్యదర్శికి జాబు వ్రాసెను. తనకు మాత్రము లాటిన్ భాషలోని తన పేరు అక్షరములనే మార్చి కూర్చి ఒక మారుపేరు పెట్టుకొనెను.

బయటకు వచ్చినది, బయటకు రానిది

కొలిమివద్ద అలవడిన హస్తకౌశలము వృథా కాలేదు. 1668లో న్యూటన్ పరావర్తన దూరదర్శినిని నిర్మించెను. దాని పొడవు జానెడు మాత్రమే. అయినను వస్తువులను సుమారు నలువది రెట్లు పెంచి చూపెను. అందలి దర్పణమునకు కావలసిన మిశ్రమలోహమును రాగి, తగరము, పాషాణము కలిపి తానే కరగి పోతపోసెను, తానే సానపట్టెను. 1671లో అట్టి దూరదర్శిని రాయల్ సొసైటీకి చేరగా, 1672లో ఆయన సభ్యుడుగా ఎన్నికయ్యెను. అదే సంవత్సరము కాంతిని గూర్చి ప్రకటించిన వ్యాసముపై రాబర్ట్ హుక్ మొదలైనవారు ఆక్షేపణలు తెలిపిరి. ఆ వాదములు న్యూటనును మిక్కిలి నొప్పించినవి. మరల ఆయన గుల్లలోనికి ముడుచుకొనెను.

1684 ఆగస్టున ఎడ్మండ్ హేలీ కేంబ్రిడ్జికి వచ్చి గ్రహకక్ష్యలను గూర్చి ప్రశ్నింపకున్నచో ఏమయ్యెడిదో చెప్పలేము. హేలీ ప్రోత్సాహముతో, హేలీ సొంత ధనవ్యయముతో ప్రిన్సిపియా మహాగ్రంథము 1687లో వెలువడినది. హంఫ్రీ కొలిమికి బొగ్గు వేసిన ఏండ్లును, ఆ గ్రంథపు శుద్ధప్రతిని వ్రాసిన ఏండ్లును ఒక్కటే.

ఇచ్చట విచారింపవలసిన విషయమొకటి కలదు. ఆ గ్రంథము వెలువడినప్పుడు దానిలోని ఆకర్షణ సిద్ధాంతమే పలువురకు వింతగా తోచెను. నడుమ ఏ వస్తువును లేక సూర్యుడు కోట్ల మైళ్ళ దూరమున నున్న గ్రహమును లాగుటెట్లని హాలెండు దేశపు హైగెన్సు, జర్మనీ దేశపు లైబ్నిట్జు ఆక్షేపించిరి. ఇది శాస్త్రము కాదు, మాంత్రికుల గుప్తశక్తి వంటిదని వారి అభిప్రాయము. న్యూటనుకును ఆ సందేహము లేకపోలేదు. నడుమ అతిసూక్ష్మమైన ఈథరు నిండియున్నదని ఒకమారు ఊహించెను. మరియొకమారు ఆ ఊహను విడిచెను. వస్తువులందు దాగిన క్రియాశక్తులను గూర్చిన రసవాద భావనయే దూరాకర్షణను అంగీకరించుటకు ఆయన బుద్ధిని సిద్ధపరచినదని కొందరు చరిత్రకారుల మతము. కాదని మరికొందరి వాదము. ఏది యెట్లైనను కారణము తెలియకున్నను కొలత సరిపోయినది. గ్రహములు, చంద్రుడు, సముద్రపు ఆటుపోట్లు, తోకచుక్కలు, అన్నియు ఒక్క సూత్రమునకు లోబడినవి. ఎవరైనను లెక్కించి చూచుకొనవచ్చును. చూచుకొనినవారెల్లరు చివరకు ఒప్పుకొనిరి.

రసవాదమునకు ఆ భాగ్యము కలుగలేదు. 1691 చివర బాయిల్ మరణింపగా, అతడు విడిచిపోయిన ఎఱ్ఱమట్టిని గూర్చియు, దాని పాకమును గూర్చియు న్యూటన్ తత్త్వవేత్త జాన్ లాక్‌కు జాబులు వ్రాసెను. దానికై ధనమును వ్యర్థము చేయవలదని లాక్‌ను హెచ్చరించుచునే, తానును కొంత సంపాదించి ఉంచుకొనెను. పాతికేండ్ల శ్రమకు ఫలము కానరాలేదు, ఆశయు చావలేదు.

1693 వేసవిలో ఆయన ఆరోగ్యము చెడినది. రాత్రుల తరబడి నిద్ర పట్టలేదు. సెప్టెంబరులో ఆప్తమిత్రులైన లాక్‌కును, శామ్యూల్ పీప్స్‌కును నిందలతో కూడిన జాబులు వ్రాసి, తరువాత మతి కుదుటపడి క్షమాపణ వేడుకొనెను. లాక్ ఉదారముగా మన్నించెను. ఈ వ్యాధికి కారణమేమో నిశ్చయముగా తెలియదు. ఆయనవని చెప్పబడు వెండ్రుకలను 1979లో పరీక్షింపగా వాటిలో పాదరసము అధికముగా కనబడినది. ఆ విషము వలననేయని కొందరు తలచిరి. అధికశ్రమ, నిరాశ, ఒంటరితనము వీనిలో ఏదైనను కావచ్చును. దహించు కొలిమి ముందు ఆవిరులు పీల్చుచు, మనసులోని భారమును ఎవరితోను పంచుకొనక గడపినవానికి శరీరమును మనసును అలసిపోవుట వింత కాదు.

టంకశాలలో

1696లో న్యూటన్ జీవితము మలుపు తిరిగినది. ప్రభుత్వము ఆయనను లండను టవరునందలి రాజకీయ టంకశాలకు వార్డెనుగా నియమించెను. బంగారము చేయజూచిన వ్యక్తికి బంగారు నాణెములను కాపాడు పని లభించినది. కేంబ్రిడ్జి కొలిమి చల్లారెను.

ఆనాడు ఇంగ్లండు నాణెములు దుర్గతిలో నుండెను. వెండి నాణెముల అంచులను కత్తిరించి అమ్ముకొనువారు కొందరు. దొంగ నాణెములు పోయువారు మరికొందరు. పాత నాణెములన్నింటిని కరగి కొత్తవి పోయు మహాకార్యము అప్పటికే ఆరంభమైనది. న్యూటన్ ఈ పనిని నామమాత్రపు ఉద్యోగముగా తలపలేదు. యంత్రముల వేగమును, కార్మికుల పనిని స్వయముగా లెక్కగట్టి చూచెను. దొంగనాణెముల వారి జాడ తీయుటకై సారాయంగళ్ళలోను, చెఱసాలలలోను తిరిగి నూటికి పైగా సాక్ష్యములను సేకరించెను. వారిలో ప్రసిద్ధుడైన విలియమ్ చాలోనరు 1699 మార్చిలో ఉరితీయబడెను. ఆ కాలపు చట్టము కఠినము. న్యూటన్ ఆ కాఠిన్యమును సడలింపలేదు. 1699 చివర ఆయన టంకశాలకు మాస్టరై, మరణించు వరకు ఆ పదవిలో నుండెను.

1710లో నాణెముల పరీక్షలో ఆయన పోయించిన బంగారము ప్రమాణమునకు కొంచెము తక్కువయని తీర్పు వచ్చెను. న్యూటన్ ఊరకుండక తిరిగి పరీక్షించి, లోపము నాణెములలో లేదని, 1707లో చేసిన ప్రమాణఫలకమే ఉండవలసినదానికంటె మేలిమియని చూపెను. 1717లో ఆయన సమర్పించిన నివేదికననుసరించి గినీ యను బంగారు నాణెము విలువ 21 షిల్లింగులుగా స్థిరపడినది. బంగారమునకును వెండికిని గల నిష్పత్తి దేశదేశములలో ఎట్లున్నదో ఆయన ఆ నివేదికలో తెలిపెను. చైనా జపానులలో ఒకపాలు బంగారమునకు తొమ్మిది పదిపాళ్ళ వెండి, హిందూదేశమున పండ్రెండుపాళ్ళ వెండి వచ్చునని, ఐరోపాలో అంతకంటె ఎక్కువగా నుండుటచేతనే వెండి తూర్పునకు ప్రవహించుచున్నదని వివరించెను. మూసలో చూపిన శ్రద్ధయే ఇచ్చట దేశమునకు ఉపకరించినది.

లండనులో ఆయన జీవనము సుఖముగా సాగెను. మేనకోడలు కేథరిన్ బార్టన్ చాలకాలము ఇల్లు చక్కబెట్టెను. ఉదయమున నారింజతొక్కను కాచిన నీటిలో చక్కెర వేసికొని త్రాగుట, రొట్టె వెన్న తినుట ఆయన అలవాటు. అడిగినవారికి లేదనక ఇచ్చెడివాడు. 1703లో రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యెను. 1705లో ఆన్ రాణి సర్ బిరుదమొసగెను. అయినను లోభము ఎట్టివానిని వీడదు. 1720లో సౌత్ సీ కంపెనీ వాటాలు ఆకాశమునకెగసినప్పుడు తొలుత లాభమునకు అమ్మి బయటపడిన న్యూటన్, మరల అధికధరకు కొని భారీ నష్టము పొందెను. కొలిమిలో దొరకని బంగారము వాటాల విపణిలోను దొరకలేదు.

1704లో వెలువడిన ఆప్టిక్స్ గ్రంథపు తరువాతి ముద్రణలలో ఆయన చేర్చిన ప్రశ్నలు కొలిమి అనుభవమునకు పండిన ఫలము. ఆమ్లములో కరిగిన వెండిని రాగి వెలికి నెట్టును, కరిగిన రాగిని ఇనుము నెట్టును. లోహములకు ఆమ్లములపై గల ఆకర్షణ సమానము కాదని ఆయన చెప్పెను. ఎవరైనను చేసి చూడదగిన మాట గనుక తరువాతి రసాయన శాస్త్రజ్ఞులు దానిని అందుకొనిరి.

పెట్టెలలో నిలిచిన కాగితములు

నాటి పంచాంగము ప్రకారము 1727 మార్చి 20వ తేదీన, ఎనుబది నాలుగేండ్ల వయసున న్యూటన్ కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో రాజోచితముగా సమాధి చేసిరి. ఆయన కాగితములను పరిశీలించిన డాక్టరు థామస్ పెల్లెట్ రసవాద పత్రములను అచ్చునకు తగనివని గుర్తుపెట్టి కట్టివేసెను. అవి కేథరిన్ కుమార్తె ద్వారా పోర్ట్స్‌మత్ ప్రభువుల వంశమునకు చేరినవి. పందొమ్మిదవ శతాబ్దమున గణిత పత్రములను స్వీకరించిన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము రసవాద పత్రములను తిరిగి పంపివేసెను. 1936లో లండనులో సోథెబీ సంస్థ వాటిని వేలము వేయగా మొత్తము తొమ్మిదివేల పౌనులకు కొంచెము మించి వచ్చినది. చెదరిపోవుచున్న ఆ పత్రములను ఆర్థికశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ శ్రమపడి సుమారు సగము సేకరించి కేంబ్రిడ్జికే చేర్చెను. న్యూటన్ యుక్తియుగపు తొలి పురుషుడు కాడని, ప్రాచీన మాంత్రికుల పరంపరకు కడపటివాడని కీన్స్ వ్రాసిన వ్యాసము, ఆయన మరణించిన తరువాత 1946లో న్యూటన్ త్రిశతజయంతి సందర్భమున చదువబడినది.

రసవాదుల కల పూర్తిగా అబద్ధమా? మూలకమును నిర్ణయించునది పరమాణు గర్భమునందలి ప్రోటానుల సంఖ్యయని ఇరువదవ శతాబ్దమున తెలిసినది. బంగారమునకు 79, పాదరసమునకు 80, సీసమునకు 82. కొలిమి వేడి పరమాణువు వెలుపలి పొరనే తాకును, గర్భమును కదల్పజాలదు. అందుచేతనే ఎన్ని ఏండ్లు మండించినను న్యూటన్ మూసలో బంగారము పుట్టలేదు. కేంద్రకములను అపారశక్తితో ఢీకొట్టించినచో మార్పు సాధ్యమే. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయములో 2015 నుండి 2018 వరకు సీసపు కేంద్రకముల తాడనములలో 8,600 కోట్ల బంగారు కేంద్రకములు ఏర్పడినవని 2025లో ప్రకటించిరి. వాని మొత్తము బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతులు 29 మాత్రమే. అవియు క్షణములోపలనే నశించినవి. దానితో చీమకు సైతము నగ చేయింపజాలము.

పడిన శ్రమ, చూపిన శ్రద్ధ, వాడిన బుద్ధి - ఆకాశమును కొలిచినప్పుడును కొలిమి ముందు కూర్చున్నప్పుడును న్యూటనుకు సమానమే. ఒకటి లోకమునకు వెలుగైనది. రెండవది పెట్టెలో రెండు వందలయేండ్లు నిద్రించినది. తప్పుదారి పట్టుటలో అవమానము లేదు; అన్వేషకులెల్లరు కొంతకాలము తప్పుదారులలో నడచినవారే. కాని హేలీ వచ్చి అడిగినందున ఆకర్షణ సిద్ధాంతము పదిమంది పరీక్షకు నిలిచినది, నిలిచి గెలిచినది. రసవాదమును అడిగినవారు లేరు. అడిగినను చెప్పువాడు లేడు. తప్పు చూపువారు లేనందున తప్పు పాతికేండ్లు సాగినది. టంకశాలలో నాణెమును త్రాసు పెట్టి పదిమంది యెదుట పరీక్షించిన ఆ చేతులే తమ కొలిమి సొత్తును మాత్రము గీటురాయికి చూపలేదు. జ్ఞానమును దాచుకొనినవాడు నష్టపరచునది ఇతరులను మాత్రమే కాదని ఆ మహామేధావి జీవితము తెలుపుచున్నది.